ఆగిపోయిన గని రైలు

రైలు ఎందుకు ఎక్కుతాం?

మనం రైలు ఎందుకు ఎక్కుతాం? పుట్టింటికి వెళ్ళడానికి ఎక్కుతాం. ఆసుపత్రికి వెళ్ళడానికి ఎక్కుతాం. కూలి పనుల కోసం దూరం పోవడానికి ఎక్కుతాం. ఒక చోట ఎక్కుతాం. ఇంకో చోట దిగుతాం.

ఎక్కిన చోటే దిగే రైలు ఉంటుందా? ఉంటుంది. జాతరలో రంగులరాట్నం చూశారు కదా! దాని మీద కూర్చుంటాం. గిరగిరా తిరుగుతాం. మళ్ళీ ఎక్కిన చోటే దిగుతాం. ఎక్కడికీ పోలేదు. కాని మనసుకు సంతోషం. పిల్లలకైతే చెప్పనే అక్కర్లేదు.

అలాంటి రైలు ఒకటి అమెరికాలో ఉండేది. దాని పేరు గని రైలు. అది సుమారు 21 ఏళ్ళు నడిచింది. 1977లో ఆగిపోయింది. అయినా దాన్ని ఎక్కినవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. వాళ్ళ పిల్లలకు చెబుతారు.

ఆగిపోయిన రైలు ఇన్నాళ్ళు ఎలా గుర్తుంది? ఈ పాఠంలో అది తెలుసుకుందాం.

రైళ్ళంటే ఇష్టపడే మనిషి

ఈ రైలును పెట్టించినవాడు వాల్ట్ డిస్నీ. ఆయన బొమ్మల సినిమాలు తీసేవాడు. మిక్కీ మౌస్ అనే ఎలుక బొమ్మ ఆయన సంస్థ నుంచి వచ్చిందే. మన పిల్లల పుస్తకాల సంచుల మీద కూడా ఆ బొమ్మ కనిపిస్తుంది.

చిన్నతనంలో ఆయన రైళ్ళలో పని చేశాడు. అప్పటికి ఆయనకు 15 ఏళ్ళు. రైలు పెట్టెల్లో తిరుగుతూ పేపర్లు, పళ్ళు, మిఠాయిలు అమ్మేవాడు. మన రైళ్ళలో పల్లీలు, జామకాయలు అమ్మే పిల్లల్ని చూస్తాం కదా! అలాగే. అప్పటినుంచీ ఆయనకు రైళ్ళంటే ప్రాణం.

పెద్దవాడయ్యాక డబ్బు వచ్చింది. 1950లో తన ఇంటి పెరట్లోనే చిన్న రైలు నడిపాడు. అది నిజమైన ఆవిరి ఇంజను. కాని చాలా చిన్నది. మనిషి దాని వెనక కూర్చొని నడపాలి. ఆ ఇంజనుకు భార్య లిలియన్ పేరు కలిసేలా 'లిల్లీ బెల్' అని పేరు పెట్టాడు.

పట్టాలు వేసే దారిలో లిలియన్ పూలమొక్కలు ఉన్నాయి. మొక్కలు తీసెయ్యడం ఆమెకు ఇష్టం లేదు. అందుకని పూలమొక్కల కింద సొరంగం తవ్వించాడు. పైన పూలు, కింద రైలు!

1953లో ఆ రైలుకు ప్రమాదం జరిగింది. బండి పట్టాలు తప్పింది. ఒక చిన్నపిల్లకు వేడి ఆవిరి తగిలి కాలింది. ఆయన చాలా బాధపడ్డాడు. పెరటి రైలును ఆపేశాడు.

తరువాత అందరి కోసం పెద్ద వినోదాల తోట కట్టించాడు. వినోదాల తోట అంటే రకరకాల ఆటబండ్లు, రాట్నాలు ఉండే చోటు. దాని పేరు డిస్నీలాండ్. అది కాలిఫోర్నియా రాష్ట్రంలో అనహైం అనే ఊళ్ళో ఉంది. 1955 జూలై 17న మొదలయింది. మొదటి రోజునుంచే ఆ తోట చుట్టూ ఆవిరి రైలు తిరిగింది. అది ఈనాటికీ ఉంది.

గని రైలు వచ్చింది

మరుసటి ఏడాది, 1956 జూలైలో, ఇంకో రైలు వచ్చింది. అదే గని రైలు.

గని అంటే తెలుసు కదా! మన సింగరేణిలో బొగ్గు గనులు ఉన్నాయి. భూమిలోంచి బొగ్గు తవ్వుతారు. అమెరికాలో వెనకటి రోజుల్లో బంగారం కోసం గనులు తవ్వారు. తవ్విన రాయిని చిన్న బండ్లలో, చిన్న పట్టాల మీద బయటికి తెచ్చేవారు. ఆ బండ్ల మాదిరిగా ఈ రైలును తయారు చేశారు.

ఇంజను చూస్తే పాతకాలపు ఆవిరి ఇంజనులా ఉండేది. పొగగొట్టం ఉంది. గంట ఉంది. కాని లోపల నిప్పు లేదు. నీళ్ళు లేవు. ఆవిరి లేదు. బ్యాటరీలతో నడిచేది. ట్రాక్టరుకు, లారీకి బ్యాటరీ ఉంటుంది చూశారా? అలాంటి పెద్ద బ్యాటరీలు ఇంజనులో కనపడకుండా పెట్టారు.

రెండు పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు. అంటే 30 అంగుళాలు. మన మూరతో కొలిస్తే మూరన్నర మీద మూడు అంగుళాలు.

1960లో ఈ రైలు దారిని బాగా మార్చారు. 7 ఎకరాల నేలలో కొండలు, వాగులు, ఎడారి తయారు చేశారు. మన దగ్గర 7 ఎకరాలంటే రెండు మూడు కుటుంబాల సాగు భూమి. అంత చోటులో ఒక అడవినే కట్టారు. అందులో రెండు వందలకు పైగా జంతువుల బొమ్మలు, పక్షుల బొమ్మలు పెట్టారు. అన్నీ కదిలే బొమ్మలే.

ఇవి ఎక్కడినుంచి వచ్చాయి? డిస్నీ సంస్థ అంతకుముందు నిజమైన అడవి జంతువుల మీద సినిమాలు తీసింది. ఎలుగుబంట్ల మీద ఒకటి. ఎడారి జీవుల మీద ఒకటి. ఆ సినిమాల్లో చూసినవే ఇక్కడ బొమ్మలుగా పెట్టారు.

రండి, ఎక్కుదాం

ఇప్పుడు మనం ఆ రైలు ఎక్కినట్టు అనుకుందాం.

స్టేషను దగ్గర చిన్న ఊరు. గని పనివాళ్ళ ఊరు. కొండ మీద బుల్లి బుల్లి కొయ్య ఇళ్ళు. గంట మోగింది. రైలు మెల్లగా కదిలింది. మైకులో ఒక ముసలాయన గొంతు వినిపిస్తుంది. బంగారం కోసం కొండలన్నీ తిరిగిన తాత మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఎటు చూడాలో చెబుతుంటాడు. ఆ గొంతు డాలస్ మెక్‌కెనన్ అనే నటుడిది.

మొదట సొరంగం. చీకటి. బయటికి రాగానే వాగు. వాగులో బీవర్లు. బీవర్ అంటే నీళ్ళలో బతికే జంతువు. మన దేశంలో అది లేదు. అది పళ్ళతో చెట్లు కొరుకుతుంది. ఆ కొయ్యలు వాగుకు అడ్డం వేసి కట్ట కడుతుంది. మనుషులు చెరువుకట్ట వేసినట్టే!

తరువాత పెద్ద కొండ. దాని మీదినుంచి నీళ్ళు దూకుతున్నాయి. రైలు ఆ జలపాతాల వెనకనుంచి పోతుంది. ముఖం మీద తుంపర పడుతుంది.

అక్కడినుంచి కొయ్య వంతెన. వంతెన కింద నీళ్ళు. పక్కన ఎలుగుబంట్లు. ఒక ఎలుగు చేపలు పడుతోంది. ఒక ఎలుగు చెట్టుకు వీపు రుద్దుకుంటోంది. మన గేదె గోడకు రుద్దుకున్నట్టు! పెద్ద కొమ్ముల జింకలు రెండు కొమ్ములు కలిపి పోట్లాడుతున్నాయి.

ఆ తరువాత ఎడారి. అన్నీ ముళ్ళ చెట్లే. కొన్ని చెట్లు చేతులు ఎత్తి నిలబడ్డ మనుషుల్లా ఉన్నాయి. పెద్ద పెద్ద బండరాళ్ళు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. రైలు పోతుంటే అవి ఊగుతాయి. మీద పడతాయేమో అని భయం వేస్తుంది. పడవు. రంగురంగుల బురద గుంటలు బుడబుడమని ఉడుకుతున్నాయి. ఒక చోట నేలలోంచి నీళ్ళు ఒక్కసారిగా పైకి చిమ్ముతాయి.

చివరికి గుహ. లోపల కటిక చీకటి. ఆ చీకట్లో రంగుల జలపాతాలు వెలుగుతుంటాయి. ఎర్రనివి, పచ్చనివి, నీలివి. సన్నగా పాట వినిపిస్తుంది. అందరూ మాటలు ఆపేస్తారు. రైలు మెల్లగా బయటికి వస్తుంది. మళ్ళీ అదే స్టేషను. మనం దిగిపోయాం.

అది ఎలా పని చేసేది?

ఇందులో మాయ లేదు. మంత్రం లేదు. అంతా మనుషుల పనితనం.

బొమ్మల లోపల మోటార్లు ఉండేవి. మోటారు తిరిగితే తల ఊగుతుంది, చెయ్యి కదులుతుంది. కుట్టు మిషను చూడండి. చక్రం గుండ్రంగా తిరుగుతుంది. సూది మాత్రం పైకి కిందికి ఆడుతుంది. ఇదీ అలాంటిదే. చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేస్తుంది.

నీళ్ళను పంపులతో పైకి ఎక్కించేవారు. పైనుంచి దూకిన నీళ్ళే మళ్ళీ పైకి వెళ్ళేవి.

గుహలో నీళ్ళు ఎలా వెలిగాయి? ఒక రకం రంగులు ఉన్నాయి. వాటి మీద ఒక రకం లైటు వేస్తే చీకట్లో మెరుస్తాయి. ఆ లైటు మాత్రం మన కంటికి సరిగా కనపడదు. మన నోట్లకు దొంగ నోట్లు కలిశాయేమో చూడడానికి బ్యాంకులో ఒక ఊదా లైటు పెడతారు. ఆ లైటు కింద నోటు మీద కొన్ని గీతలు మెరుస్తాయి. గుహలో జరిగింది కూడా అదే.

ఒక్క అక్షరం విలువ

ఈ తోటలో ఆటబండ్లు ఎక్కడానికి టికెట్ల పుస్తకం ఇచ్చేవారు. ఒక్కో టికెట్టు మీద ఒక్కో ఇంగ్లీషు అక్షరం ఉండేది. ఎ, బి, సి, డి, ఇ. 'ఎ' టికెట్టుతో చిన్న చిన్న ఆటలు. 'ఇ' టికెట్టుతో అన్నిటికన్నా గొప్పవి.

గని రైలుకు మొదట 'డి' టికెట్టు. 1960లో అడవిని పెంచాక 'ఇ' టికెట్టు అయింది. రైలు ఎక్కాలంటే టికెట్టు మీద అక్షరం చూసుకోవాలి.

మనకు ఇది కొత్త కాదు. బస్సు బోర్డు మీద ఒక్క అక్షరం తెలియక వేరే బస్సు ఎక్కిన రోజులు మనలో చాలామందికి గుర్తే.

ఈ టికెట్ల పుస్తకాలు 1982లో పూర్తిగా పోయాయి. కాని మాట మిగిలింది. ఏదైనా చాలా గొప్పగా ఉంటే అమెరికాలో 'ఇ టికెట్టు' అనేవారు. 1983లో శాలీ రైడ్ అనే ఆమె అంతరిక్షంలోకి వెళ్ళింది. అమెరికా నుంచి అలా వెళ్ళిన మొదటి మహిళ ఆమే. రాకెట్టు పైకి లేచాక ఆమె కూడా ఆ మాటే వాడింది. ఇది 'ఇ టికెట్టు' ప్రయాణం అంది. టికెట్టు పోయినా మాట ఆకాశం దాకా వెళ్ళింది!

ఎందుకు ఆపేశారు?

కాలం మారింది. జనానికి వేగం కావాలి అనిపించింది. ఎత్తునుంచి జర్రున జారే బండ్లు, గుండె జల్లుమనే మలుపులు కావాలి అన్నారు. గని రైలేమో మెల్లగా నడిచేది. చూస్తూ, వింటూ కూర్చోవాలి. పైగా దానికి చాలా నేల పట్టింది.

1977 జనవరి మొదట్లో గని రైలు ఆగిపోయింది. అదే నేలలో కొత్త కొండ కట్టారు. కొత్త రైలు వేశారు. దాని పేరుకు తెలుగులో 'పెద్ద ఉరుము కొండ రైలు' అని అర్థం. అది 1979 సెప్టెంబరులో మొదలయింది. ఇది కూడా గని రైలే. కాని పరుగులు తీస్తుంది. ఎక్కినవాళ్ళు కేకలు పెడతారు.

కొత్త రైలు మంచిది కాదా? మంచిదే. దానికీ జనం బారులు తీరి నిలబడ్డారు. కాని పాత రైలు ఎక్కినవాళ్ళకు మనసులో వెలితి. చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకొని, ముసలి తల్లిని పక్కన కూర్చోబెట్టుకొని ఎక్కిన రైలు అది. పరిగెత్తే రైలులో అలా కుదరదు.

ఏమి మిగిలింది?

కొత్త రైలును గీసినవాడు టోనీ బాక్‌స్టర్. ఆయన 17 ఏళ్ళ వయసులో అదే తోటలో ఐస్‌క్రీం అమ్మాడు. పాత రైలు ఆయనకు బాగా తెలుసు. అందుకని పాతదాన్ని పూర్తిగా తుడిచెయ్యలేదు.

పాత స్టేషను దగ్గర బుల్లి ఇళ్ళ ఊరు ఉంది కదా! దాన్ని కొత్త రైలు దగ్గర ఉంచారు. కొత్త గుహలో కూడా రంగుల నీటి మడుగులు పెట్టారు. 'పెద్ద ఉరుము' అనే పేరు కూడా పాతదే. అది పాత రైలు దారిలోని జలపాతం పేరు. మైకులో మాట్లాడిన డాలస్ మెక్‌కెనన్ గొంతునే కొత్త రైలు దగ్గర కూడా వాడారు. బండి మారింది. గొంతు మిగిలింది.

జలపాతాల కొండ మాత్రం 1998 దాకా నిలిచింది. తరువాత దాన్ని కూలగొట్టారు.

మరి మిగతాదంతా ఎలా తెలిసింది? జనం దాచుకున్న వాటివల్ల తెలిసింది. ఒకరు వాడని టికెట్టు దాచారు. ఒకరు తోట పటం దాచారు. ఒకరు ఫోటో దాచారు. కొందరు చూసింది చూసినట్టు కాగితం మీద రాశారు. ఎక్కడ ఏ బొమ్మ ఉందో, తాత గొంతు ఏమి చెప్పిందో రాశారు. అవన్నీ కలిపితే రైలు మళ్ళీ కళ్ళముందు నడిచింది. ఆ రైలు పుట్టిన ఊరికి వేల మైళ్ళ దూరాన, మనం కూడా ఈ రోజు చదివాం.

మన చిన్న రైలు

ఇప్పుడు మన సంగతి చూద్దాం. శ్రీకాకుళం జిల్లాలో నౌపడ ఉంది. ఉప్పు పండే ఊరు. అక్కడినుంచి టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి, గుణుపూరుకు ఒక చిన్న రైలు నడిచేది. పర్లాకిమిడి రాజావారు వేయించిన దారి అది. 1900లో మొదలయింది.

దాని పట్టాల మధ్య దూరం కూడా రెండున్నర అడుగులే. అమెరికా గని రైలు కొలతే! కాని అది వినోదం రైలు. ఇది బతుకు రైలు. బుట్టలు, మూటలు, పిల్లలు, బంధువులు, అందరూ ఇందులోనే.

2004లో చిన్న పట్టాలు తీసేశారు. పెద్ద పట్టాలు వేశారు. 2011లో గుణుపూరు దాకా పెద్ద రైలు వచ్చింది. పెద్ద రైలు వల్ల మేలే జరిగింది. కాని చిన్న రైలు సంగతులు ఎవరి దగ్గర ఉన్నాయి?

ఆ దారిలోని ఒక ఊళ్ళో సాయంత్రం చదువు జరుగుతోంది. ఈ గని రైలు పాఠం చదివారు. అప్పుడు ఇలా మాట్లాడుకున్నారు.

పెద్దమ్మ: ఓలమ్మా! టికెట్టు ముక్క కూడా దాచుకున్నారా? మనం దిగగానే పారేసేవోళ్ళం.

కార్యకర్త: మీరు చిన్న రైలు ఎక్కారా, పెద్దమ్మా?

పెద్దమ్మ: ఎక్కకపోడమేటి! నానూ మా అప్పా చింతపండు బుట్టలు పట్టుకొని పర్లాకిమిడి సంతకు ఎల్లేవోళ్ళం. అప్ప కిటికీ దగ్గర కూచునేది. బుట్ట కాళ్ళ మధ్య పెట్టుకునేది. రైలు మెల్లగా ఎల్లేది. దారంతా అప్ప కబుర్లే.

కోడలు: నాకు ఎప్పుడూ చెప్పలేదే, అత్తా!

పెద్దమ్మ: ఏటని చెప్తానే? ఎవరడిగారు? అప్ప పోయి ఆరేళ్ళయింది. ఆ రైలు లేదు. అప్పా లేదు. ఆ కబుర్లు నాకొక్కదానికే తెలుసు. నాను పోతే అవీ పోతాయి.

ఎవరూ మాట్లాడలేదు. కొంచెంసేపటికి కోడలు పలకా బలపం పక్కన పెట్టింది. నోటు పుస్తకం తెచ్చింది.

కోడలు: రాయత్తా. నువ్వు చెప్పు, నేను రాస్తాను.

పెద్దమ్మ: నువ్వెందుకు రాయడం? నాకు అక్షరాలు రావేటి? ఇటియ్యి.

పెద్దమ్మ ఆ రాత్రి ఒక పేజీ రాసింది. గంటన్నర పట్టింది. రెండు చోట్ల ఒత్తులు తప్పాయి. కార్యకర్త దిద్దింది. ఆ పేజీ ఇదీ.

పెద్దమ్మ రాసిన పేజీ

మా ఊరి మీద చిన్న రైలు నడిచేది. మొదట బొగ్గు ఇంజను. తరువాత డీజిలు ఇంజను వచ్చింది. బొగ్గు రైలు ఎక్కితే చీర మీద మసి పడేది. మా అప్ప నల్ల చీర కట్టుకొని వచ్చేది. ఇంక మసేం చేస్తుంది అని నవ్వేది.

ఒకసారి చింతపండు అమ్ముడుపోలేదు. నేను ఏడ్చాను. అప్ప తన డబ్బుల్లోంచి నాకు గాజులు కొన్నది. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు అన్నది. నేను ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు రాశాను.

చిన్న రైలు ఇప్పుడు లేదు. మా అప్ప పేరు నా మనవరాలికి పెట్టాము.

మనం ఏమి చెయ్యాలి?

ఆ పేజీని కోడలు ట్రంకుపెట్టెలో దాచింది. రేషను కార్డు, పట్టా కాగితం ఉన్న చోటే దాచింది. అదీ ఇంటి కాగితమే కదా అంది.

మన ఊళ్ళో కూడా చాలా పోయాయి. దిగుడు బావి పోయింది. తిరగలి పోయింది. ఎడ్లబండి మీద తీర్థానికి వెళ్ళడం పోయింది. పోయినవన్నీ తిరిగి రావాలని కాదు. తిరగలి తిప్పిన చేతుల నొప్పి మనకు తెలుసు. కాని ఎలా బతికామో మన పిల్లలకు తెలియాలి. మనం రాస్తేనే తెలుస్తుంది.

పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. ఏ ఊరు, ఏ ఏడు, ఎవరితో వెళ్ళాం, ఏమి చూశాం. ఈ నాలుగు రాస్తే చాలు. ఏడు తెలియకపోతే మీ పెద్ద బిడ్డ పుట్టిన ఏడు లెక్కలోంచి చూసుకోండి. తుపాను వచ్చిన ఏడు గుర్తు పెట్టుకోండి.

కొత్త మాటలు

గని: భూమిలోంచి బొగ్గు, లోహం తవ్వి తీసే చోటు.
సొరంగం: కొండలో గాని, నేల కింద గాని తొలిచిన దారి.
జలపాతం: ఎత్తునుంచి దూకే నీరు.
వినోదం: మనసుకు సంతోషం కలిగించే ఆట, పాట, చూడదగ్గది.
అంతరిక్షం: ఆకాశంలో గాలి కూడా లేనంత ఎత్తున ఉన్న చోటు.

చదివి జవాబు చెప్పండి

1. గని రైలు ఇంజను దేనితో నడిచేది?
2. పూలమొక్కలు పాడు కాకుండా వాల్ట్ డిస్నీ ఏమి చేశాడు?
3. 1960 తరువాత ఆ రైలు ఎక్కడానికి ఏ అక్షరం టికెట్టు కావాలి?
4. పాత రైలు గుర్తులు కొత్త రైలు దగ్గర ఏవేవి ఉంచారు?
5. పెద్దమ్మ ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని సంగతి ఏమిటి?

లెక్క చేద్దాం

1. గని రైలు 1956లో మొదలయింది. 1977లో ఆగింది. మొత్తం ఎన్నేళ్ళు?
2. నౌపడ చిన్న రైలు 1900లో మొదలయింది. 2004లో ఆగింది. మొత్తం ఎన్నేళ్ళు?
3. చిన్న రైలు పట్టాల మధ్య దూరం 30 అంగుళాలు. పెద్ద రైలు పట్టాల మధ్య దూరం 66 అంగుళాలు. తేడా ఎన్ని అంగుళాలు? 12 అంగుళాలు ఒక అడుగు. అయితే తేడా ఎన్ని అడుగులు?

మాట్లాడుకుందాం

వేగంగా పోయే బండి మంచిదా? మెల్లగా పోయే బండి మంచిదా? ఏ పనికి ఏది మంచిది? మన ఊళ్ళో వచ్చిన మార్పుల్లో ఆడవాళ్ళకు మేలు చేసినవి ఏవి? పోగొట్టుకున్నవి ఏవి?

రాద్దాం

మీ ఊళ్ళో ఇప్పుడు లేనిది ఒకటి అనుకోండి. దాని గురించి ఐదు వాక్యాలు రాయండి. మీతో ఉన్న మనిషి పేరు కూడా రాయండి. కింద తేదీ వెయ్యండి. మీ సంతకం చెయ్యండి. కాగితాన్ని జాగ్రత్తగా దాచండి.